ఖాళీ ఫ్రిజ్ గురించి ఏం రాస్తారు?

(కెనడాలోని విన్నిపెగ్‌లో తెలుగు విద్యార్థుల కోసం, కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం పెట్టిన ఉద్యోగ అవగాహన సమావేశంలో ఒక ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్ చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడినట్టే ఉంచాం. రెండుసార్లు వచ్చిన వాక్యాలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ప్రసంగం పెట్టిన నిర్వాహకుల ధైర్యానికి ఒక దండం. (నవ్వులు) కునుకు వస్తే మొహమాటపడకండి, నేనేమీ అనుకోను.

ఈ ఊళ్లో ఆదివాసీ కుటుంబాల కోసం పనిచేసే సంస్థల్లో ఎలాంటి ఉద్యోగాలుంటాయో చెప్పమన్నారు. మీలో చాలామంది కమ్యూనిటీ సర్వీసెస్, ఎర్లీ చైల్డ్‌హుడ్, సోషల్ వర్క్ కోర్సుల్లో ఉన్నారు. కొందరు ఇష్టపడి చేరారు, కొందరు సీటు దొరికిందని చేరారు. రెండోదీ తప్పేం కాదు. కాగితాల సంగతి, జీతాల సంగతి అన్నీ చెబుతాను. ముందు మీకో చిన్న పరీక్ష.

మీరొక ఇంటికి వెళ్లారనుకోండి. ఆదివాసీలు, పేదవాళ్లు ఎక్కువగా ఉండే నార్త్ ఎండ్ పేటలో రెండు గదుల అద్దె ఇల్లు. తల్లి చిన్న వయసు, ఇద్దరు పిల్లలు. ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు, చాలా ఇళ్లలో చూసినవి కలిపి చెబుతున్నాను. పనిలో విన్నది బయట చెప్పకూడదన్నది మా ఉద్యోగంలో మొట్టమొదటి రూలు. సరే, మీకు టీ ఇద్దామని ఆ అమ్మాయి పాల కోసం ఫ్రిజ్ తెరిచింది. మీకు కనబడింది ఒక కెచప్ సీసా, అడుగున కాస్త మార్గరిన్ మిగిలిన డబ్బా, సగం పాల కార్టన్. ఇంకేం లేవు. ఆఫీసుకొచ్చి ఆ కుటుంబం ఫైల్‌లో నోట్ రాయడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఏం రాస్తారు?

(సభలోంచి ఒక గొంతు: "ఇంట్లో తిండి లేదని రాస్తాం.")

అవునమ్మా, అదే రాస్తారు. కొత్తగా చేరినవాళ్లు దాదాపు అందరూ అదే రాస్తారు. "ఇంట్లో ఆహారం లేదు. పిల్లల పోషణ విషయంలో ఆందోళన ఉంది." చదవడానికి ఎంతో బాధ్యతగా ఉంది కదా. ఇప్పుడు ఇంకో నోట్ వినండి.

"ఈరోజు 18వ తేదీ. పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ డబ్బు 20న పడుతుంది. పిల్లలిద్దరూ పొద్దున స్కూల్లో బ్రేక్‌ఫాస్ట్ తిన్నారు, మధ్యాహ్నం కూడా అక్కడే. ఫ్రిజ్‌లో పాలు ఉన్నాయి, కూరగాయలు, మాంసం లేవు. రాత్రికి అమ్మమ్మ సూప్, బానక్ రొట్టె తెస్తానంది. తల్లి నిన్ననే ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంక్‌కు ఫోన్ చేసి శుక్రవారానికి మాట్లాడుకుంది. నేను గ్రోసరీ కార్డు ఇచ్చాను. పిల్లలిద్దరినీ చూశాను, మాట్లాడాను. చిన్నవాడు తన బొమ్మ ట్రక్కు చూపించాడు."

ఫ్రిజ్ అదే, ఇల్లు అదే, చూసిన మనిషీ అదే. మొదటి నోట్‌లో ఆ తల్లి పిల్లల్ని పట్టించుకోని మనిషి. రెండో నోట్‌లో నెలాఖరు కూడా కాకముందే డబ్బు అయిపోయినా నాలుగు చోట్ల నుంచి ఏర్పాటు చేసుకుంటున్న మనిషి. మూడేళ్ల తర్వాత ఎవరో తెలియని వర్కర్ ఒక రాత్రి పూట ఆ ఫైల్ తెరుస్తుంది. అప్పుడు ఆమెకు మీరు ఉండరు, ఆ అమ్మమ్మ ఉండదు, ఆ బొమ్మ ట్రక్కు ఉండదు. మీరు రాసిన రెండు లైన్లే ఉంటాయి. అవే కోర్టు దాకా పోతాయి. ఈ ఉద్యోగానికి కావలసింది మంచి మనసు అని అందరూ అంటారు. మంచి మనసు ఉంటే సంతోషం. నేనైతే ముందు కళ్లు, తర్వాత రాత చూస్తాను.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ ఊళ్లో సామాజిక సేవ పేరుతో తలుపు తట్టిన చేతులు చాలాసార్లు పిల్లల్ని ఎత్తుకెళ్లిన చేతులే.

రెసిడెన్షియల్ స్కూళ్ల గురించి మీ ఓరియెంటేషన్‌లో ఒక స్లైడ్ చూసే ఉంటారు. ప్రభుత్వం డబ్బిచ్చి, చర్చిలు నడిపిన బోర్డింగ్ స్కూళ్లు. దాదాపు 1,50,000 మంది ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వాటిలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు. చాలామంది పిల్లలు ఇంటికి తిరిగి రానే లేదు. చివరి స్కూళ్లు మూతపడింది 1990లలో. అంటే నా వయసువాళ్లు, ఇక్కడ కూర్చున్న కొందరి వయసువాళ్లు కూడా వాటిలో చదివారు. ఇదంతా ఎక్కడో అడవుల్లో జరిగిందనుకోకండి. మన ఊళ్లోనే అకాడమీ రోడ్డులో, మంచి ఖరీదైన ఇళ్ల మధ్య, అసినిబోయా స్కూలు 1958 నుంచి 1973 దాకా నడిచింది. మీలో సగం మంది ఆ రోడ్డు మీదుగా బస్సులో వెళ్తుంటారు.

స్కూళ్లు తగ్గుతున్న కాలంలోనే పిల్లల సంక్షేమ శాఖ రంగంలోకి దిగింది. 1960ల నుంచి 1980ల దాకా వేలమంది పిల్లల్ని తీసుకెళ్లి తెల్లవాళ్ల ఇళ్లకు దత్తత ఇచ్చారు. మానిటోబా పిల్లల్ని సరిహద్దు దాటించి అమెరికాకు కూడా పంపారు. గొడవ పెద్దదై 1982లో ఆ పంపడం ఆపాల్సి వచ్చింది. దాని మీద విచారణ జరిపిన జడ్జి ఎడ్విన్ కిమెల్మన్ 1985లో ఇచ్చిన నివేదికలో దాన్ని సాంస్కృతిక జాతిహత్య అన్నాడు. జడ్జిగారి మాట అది, ఉద్యమకారులది కాదు.

మరి ఇప్పుడు? 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో 15 ఏళ్లలోపు పిల్లల్లో ఆదివాసీలు 7.7 శాతం. ఫోస్టర్ ఇళ్లలో, అంటే పెంచమని ప్రభుత్వం అప్పగించిన వేరేవాళ్ల ఇళ్లలో, ఉన్న పిల్లల్లో మాత్రం వాళ్లు 53.8 శాతం. మన మానిటోబా సంగతి ఇంకా ఘోరం. ఇక్కడ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది దాకా ఆదివాసీ పిల్లలే. అందుకే తలుపు తట్టగానే ఆ అమ్మాయి మొదట చూసేది మీ మొహం కాదు, మెడలో వేలాడే ఐడీ కార్డు. సీఎఫ్ఎస్ వాళ్లా, ఇంకెవరైనానా అని. సీఎఫ్ఎస్ అంటే పిల్లల్ని తీసుకెళ్లే అధికారం ఉన్న చైల్డ్ అండ్ ఫ్యామిలీ సర్వీసెస్. ఈ ఊళ్లో ఆ మూడక్షరాలు వింటే పిల్లలు మంచం కింద దాక్కోవడం నేను చూశాను.

పిల్లల్ని తీసుకెళ్లాక ఏమవుతుందో డబ్బు లెక్కల్లో చూడండి, విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. పిల్లలు వెళ్లిపోగానే తల్లికి చైల్డ్ బెనిఫిట్ ఆగిపోతుంది. ఆ డబ్బు లేకపోతే రెండు గదుల ఇంటి అద్దె కట్టలేదు. చిన్న గదికి మారుతుంది. పిల్లల్ని తిరిగి ఇమ్మని కోర్టుకు వెళ్తే, పిల్లలకు గది ఏదీ అని అడుగుతారు. గది కావాలంటే డబ్బు కావాలి, డబ్బు రావాలంటే పిల్లలు కావాలి. దీని కొస ఎక్కడో మీరే వెతకండి. పైగా ఆ పిల్లల కోసం కేంద్రం ఇచ్చే అలవెన్సును 2006 నుంచి 2019 దాకా మానిటోబా ప్రభుత్వం తన ఖజానాలోకి లాగేసుకుంది. అది తప్పని 2022లో కోర్టు చెప్పింది.

ఈ మధ్య చట్టం కొంత మారింది. 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం ఒకటుంది, మా ఆఫీసులో దాన్ని సీ-92 అంటాం. పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం, తల్లిదండ్రుల అనారోగ్యం, కేవలం ఇలాంటి కారణాలతో ఆదివాసీ బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లకూడదని అందులో స్పష్టంగా ఉంది. తప్పనిసరిగా వేరే చోట ఉంచాల్సి వస్తే ముందు తల్లిదండ్రుల్లో ఒకరి దగ్గర, కుదరకపోతే బంధువుల దగ్గర, తర్వాత సొంత సమాజంలో వాళ్ల దగ్గర, ఇలా వరస కూడా పెట్టారు. క్యూబెక్ సవాలు చేస్తే 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని ఏకగ్రీవంగా చెప్పింది. ఇప్పుడు మళ్లీ ఆ రెండు నోట్ల దగ్గరకు రండి. చట్టం పేదరికం వేరు, నిర్లక్ష్యం వేరు అంటోంది. ఆ తేడా కాగితం మీద పెట్టేది ఎవరు? ఇంటికి వెళ్లిన మీరే.

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఫీనిక్స్ సింక్లెయిర్ అనే ఐదేళ్ల పాప 2005లో పెద్దవాళ్ల చేతిలో హింసకు గురై చనిపోయింది. నెలల తరబడి ఆ సంగతే బయటికి రాలేదు. ఆ పాప గురించి ఫైల్ ఉంది. ఎన్నోసార్లు తెరిచారు, ఎన్నోసార్లు మూసేశారు. వర్కర్లు ఇంటికి వెళ్లారు, పెద్దవాళ్లతో మాట్లాడారు, పాపను చూడకుండానే వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. దీని మీద మాజీ జడ్జి టెడ్ హ్యూస్ జరిపిన విచారణ నివేదిక వచ్చాక ఈ రాష్ట్రంలో మా పని చాలా మారింది. కుటుంబాన్ని నమ్మడం అంటే కళ్లు మూసుకోవడం కాదు. "పిల్లలు పడుకున్నారు" అంటే "సరే, లేచేదాకా కూర్చుంటా, తొందరేం లేదు" అనాలి. మర్యాదగా అనాలి, కానీ కూర్చోవాలి. పిల్లలకు నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే తెలియజేయడం చట్టప్రకారం మన బాధ్యత. ఆ మాట మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పేస్తాం. ముందే చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు, వెనకనుంచి చేస్తే జన్మలో క్షమించరు.

సరే, ఉద్యోగాలు. అందరూ ఎదురుచూస్తున్నది ఇదే కదా. (నవ్వులు)

మొదటగా తేల్చుకోవాల్సింది ఒకటే, పిల్లల్ని తీసుకెళ్లే అధికారం ఉన్న ఏజెన్సీలో చేరతారా, లేని సంస్థలో చేరతారా అన్నది. రెండూ బయటికి ఒకేలా కనబడతాయి, రెంటి మధ్య బోలెడు తేడా. ఈ ఊళ్లో "మా మావి వీ చీ ఇటాటా" అనే పేరుతో ఒక సెంటర్ 1984లో మొదలైంది. ఆదివాసీలే పెట్టుకున్న, ఆదివాసీలే నడిపే సంస్థ. పిల్లల్ని తీసుకెళ్లే అధికారం దానికి లేదు. ఆ అధికారం లేని చోటికే కుటుంబాలు వాళ్లంతట వాళ్లు నడిచి వస్తాయి. బర్త్‌డే పార్టీకి వస్తారు, వంటకు వస్తారు, కష్టం వచ్చినప్పుడు కూడా అదే గడప ఎక్కుతారు. ఫ్రెండ్‌షిప్ సెంటర్ల పద్ధతీ అలాంటిదే. రిజర్వుల నుంచి, అంటే ఆదివాసీలకు కేటాయించిన ప్రాంతాల నుంచి, నగరాలకు వచ్చినవాళ్లు ఒకచోట కలుసుకోవడానికి, ఇల్లు, పని వెతుక్కోవడానికి అవి పుట్టాయి. విన్నిపెగ్‌ది 1959 నాటిది. ఇప్పుడు దేశమంతా వందకు పైగా ఉన్నాయి. హిగిన్స్ అవెన్యూలో పాత కెనడియన్ పసిఫిక్ రైల్వే స్టేషన్ భవనం చూశారా? ఒకప్పుడు యూరప్ నుంచి వలసొచ్చిన లక్షలమంది దిగి పశ్చిమానికి వెళ్లిన స్టేషన్ అది. ఆ వలసల వల్లే ఆదివాసీల భూములు పోయాయి. 1990లలో ఆదివాసీ సంస్థలు ఆ భవనాన్ని కొనేసుకుని క్లినిక్, శిక్షణ కేంద్రం పెట్టుకున్నాయి. నాకు చాలా ఇష్టమైన బిల్డింగ్. ఒకసారి లోపలికి వెళ్లి ఆ హాల్ పైకప్పు చూసి రండి.

ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్, అంటే నా పని. ఇంటర్వ్యూలో అడగరు గానీ ఈ పనిలో సగం డ్రైవింగే. డెంటిస్ట్ దగ్గరకు, కోర్టుకు, ఫుడ్ బ్యాంక్‌కు, ఫోస్టర్ ఇంట్లో ఉన్న బిడ్డను చూడటానికి. మైనస్ ముప్పైలో చంటిబిడ్డతో రెండు బస్సులు మారి రావాలంటే ఎవరైనా ఆలస్యమవుతారు. ఆలస్యమైతే "తల్లి విజిట్‌కు సమయానికి రాలేదు" అని ఇంకో నోట్ పడుతుంది. మీరు కారులో తీసుకెళ్తే ఆ నోట్ పడదు. అంత చిన్న విషయం. ఇక కారులో పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తూ మాట్లాడే మాటలు ఆఫీసులో ఎదురెదురుగా కూర్చుంటే రావు. నాకు తెలిసిన ముఖ్యమైన సంగతులన్నీ సెల్కిర్క్ అవెన్యూ సిగ్నళ్ల దగ్గర చెప్పినవే.

విజిట్లలో తోడు కూర్చోవడం ఇంకో పని. కేర్‌లో ఉన్న పిల్లలు వారానికోసారి తల్లిని కలుస్తారు. చిన్న గది, ఒక సోఫా, కొన్ని బొమ్మలు, మూలన కుర్చీలో మీరు. ఒక తల్లి గంటసేపూ కూతురి జడ అల్లుతూ కూర్చుంది, పెద్దగా మాటల్లేవు. నాతో ఉన్న ట్రైనీ "తల్లీబిడ్డల మధ్య సంభాషణ తక్కువ" అని రాసింది. ఆ జడకు వాళ్ల దగ్గర ఎంత విలువుందో, రెసిడెన్షియల్ స్కూళ్లలో చేర్చుకోగానే పిల్లల జుట్టు ఎందుకు కత్తిరించారో తెలిసిన మనిషి ఆ గంట గురించి ఇంకోలా రాస్తుంది. మా ఎల్డర్, అంటే మా సంస్థలో ఉన్న ఆదివాసీ పెద్దావిడ, ఆ ట్రైనీని పిలిచి కూర్చోబెట్టి చెప్పింది, తిట్టలేదు. ఇలాంటివి మీ కోర్సు పుస్తకాల్లో అన్నీ ఉండవు. అందుకే ఆదివాసీ సూపర్‌వైజర్ కింద పనిచేసే అవకాశం వస్తే జీతం కాస్త తక్కువైనా వదులుకోవద్దు.

పసిపిల్లల కేంద్రాల్లో ఎప్పుడూ మనుషులు కావాలి. ఆదివాసీ పిల్లల కోసం అబోరిజినల్ హెడ్ స్టార్ట్ అని 1995 నుంచి నగరాల్లో నడుస్తోంది. అందులో భాష, సంస్కృతి, తిండి, ఆరోగ్యం, తల్లిదండ్రుల పాత్ర అన్నీ కలిసి ఉంటాయి. మానిటోబాలో చైల్డ్ కేర్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టొచ్చు, చేరిన మొదటి ఏడాదిలో 40 గంటల కోర్సు చేస్తే చాలు. రెండేళ్ల డిప్లొమా ఉంటే ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్ లెవెల్ 2.

ఆస్పత్రికి తోడు వెళ్లే నావిగేటర్ పని చూస్తే తేలిక అనిపిస్తుంది. 2008లో బ్రయన్ సింక్లెయిర్ అనే ఆదివాసీ ఈ ఊరి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ గదిలో వీల్‌చైర్‌లో కూర్చుని 34 గంటలు ఎదురుచూసి చనిపోయాడు. మందులతో నయమయ్యే ఇన్‌ఫెక్షన్. తాగి పడి ఉన్నాడనో, చలికి లోపలికొచ్చి కూర్చున్నాడనో అనుకున్నారు. పక్కన ఒక మనిషి నిలబడి "ఈయన పేషెంట్, ముందు ఈయన్ని చూడండి" అని ఉంటే బతికేవాడు. ఆ నిలబడే పనికి ఇప్పుడు జీతమిస్తున్నారు.

జోర్డన్స్ ప్రిన్సిపుల్ కింద కూడా కోఆర్డినేటర్ ఉద్యోగాలున్నాయి. మానిటోబా ఉత్తరాన ఉన్న నార్వే హౌస్ అనే ఆదివాసీ ఊరికి చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ అనే పిల్లాడు పుట్టినప్పటి నుంచీ విన్నిపెగ్ ఆస్పత్రిలోనే ఉన్నాడు. డాక్టర్లు ఇంటికి పంపొచ్చన్నారు. ఇంటి దగ్గర వైద్యం ఖర్చు కేంద్రం పెట్టాలా, రాష్ట్రం పెట్టాలా అని రెండేళ్లకు పైగా వాదించుకున్నారు. 2005లో ఐదేళ్ల వయసులో పిల్లాడు ఆస్పత్రిలోనే పోయాడు. ముందు బిడ్డకు సేవ అందాలి, బిల్లు గొడవ తర్వాత అన్నదే ఆ సూత్రం. ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ జాతుల పిల్లలు నగరంలో ఉన్నా వర్తిస్తుంది. కాగితాల పని ఎక్కువ. కాగితాల పనిలో మనవాళ్లు దిట్టలు, మొహమాటం వద్దు.

ఇక సోషల్ వర్కర్. ఈ రాష్ట్రంలో 2015 నుంచి సోషల్ వర్కర్ అన్న పేరు రిజిస్టర్ అయినవాళ్లే పెట్టుకోవాలి. మన దగ్గర ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేసి వచ్చినవాళ్లు కెనడియన్ అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్కర్స్‌తో డిగ్రీ మదింపు చేయించుకోవాలి. ఇక్కడే చదవాలనుకుంటే యూనివర్సిటీ ఆఫ్ మానిటోబా వాళ్ల ఇన్నర్ సిటీ సోషల్ వర్క్ ప్రోగ్రామ్ సెల్కిర్క్ అవెన్యూ మీదే ఉంది. మీ పక్క సీట్లో కూర్చునేవాళ్లలో ఆ వీధుల్లో పెరిగినవాళ్లు ఉంటారు. ప్రొఫెసర్ దగ్గర నేర్చుకున్నంత వాళ్ల దగ్గరా నేర్చుకుంటారు.

జీతం గురించి దాపరికం ఎందుకు. ఐటీ జీతంతో పోల్చుకుంటే రాత్రి నిద్రపట్టదు. (నవ్వులు) పైగా చాలా ఉద్యోగాలు ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తాయి, గ్రాంటు మార్చి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరి వచ్చిందంటే ఆఫీసులో అందరికీ టెన్షనే. రెన్యూవల్ ఉత్తరం కోసం చూస్తూ కుటుంబాలకు మాత్రం "ఏప్రిల్‌లో కలుద్దాం" అని చెబుతుంటాం. కార్ లోన్ తీసుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

కాగితాలు: క్రిమినల్ రికార్డ్ చెక్, అందులో పిల్లలు, వృద్ధుల లాంటివాళ్లతో పనిచేసేవాళ్లకు చేసే వల్నరబుల్ సెక్టార్ భాగం ఉండాలి. చైల్డ్ అబ్యూజ్ రిజిస్ట్రీ చెక్ వేరేగా చేయించాలి. చాలా ఉద్యోగాలకు ఫుల్ క్లాస్ 5 లైసెన్సు, సొంత కారు అడుగుతారు. విద్యార్థులు ముఖ్యంగా వినండి. మీ స్టడీ పర్మిట్ మీద అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉండొచ్చు, పిల్లల సంరక్షణ, ఆరోగ్య సేవల్లో పని చేయరాదని. మెడికల్ చేయించుకోకుండా వచ్చినవాళ్లకు అది పడుతుంది. గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గర ఇమిగ్రేషన్ మెడికల్ చేయించుకుని దాన్ని తీసేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్సులో భాగంగా బయట చేసే పని, ప్రాక్టికమ్, మొదలయ్యే వారం ముందు అది చూసుకుని ఏడ్చిన పిల్లలున్నారు. ఈ రాత్రికే ఇంటికెళ్లి మీ పర్మిట్ తీసి చదవండి.

ఇంకో మాట చెప్పి ప్రశ్నలకు వస్తాను. ఇది కాస్త చేదుగా ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ వచ్చే సలహా, "నార్త్ ఎండ్ వైపు ఇల్లు తీసుకోకండి." ఆ వెనకే ఆదివాసీల గురించి, "వాళ్లకు గవర్నమెంటు అన్నీ ఫ్రీగా ఇస్తుంది, ట్యాక్స్ కూడా కట్టరు." ట్యాక్స్ సంగతి చెబుతాను. ఆదివాసీల గురించిన కెనడా చట్టం, ఇండియన్ యాక్ట్, కింద మినహాయింపు ఉన్నది స్టేటస్ ఉన్నవాళ్లకు, అంటే ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరున్న ఆదివాసీలకు, అదీ రిజర్వ్‌తో ముడిపడిన ఆదాయానికి. విన్నిపెగ్‌లో ఉంటూ విన్నిపెగ్‌లో మామూలు ఉద్యోగం చేసే మనిషి మనలాగే ఇన్‌కమ్ ట్యాక్స్ కడతాడు. ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ సంతతి వాళ్లైన మేటీలకు, ఉత్తర ధ్రువం వైపు ఉండే ఇనూయిట్లకు ఆ మినహాయింపే లేదు. ఫ్రీగా ఇచ్చే సంగతి అడిగితే, ఇందాక మీరు తాగిన నీళ్లు ఎక్కడివి? షోల్ లేక్ నుంచి 1919లో కట్టిన కాలువలో వస్తున్నాయి. ఆ కాలువ కోసం షోల్ లేక్ 40 అనే ఆదివాసీ ఊరిని ఒక ద్వీపంలా విడగొట్టేశారు. మన కుళాయికి మంచినీళ్లిచ్చిన ఆ ఊరివాళ్లు 1997 నుంచి 2021 దాకా నీళ్లు కాచుకు తాగారు. 2011 వరదల్లో దిగువ ప్రాంతాలు మునగకుండా నీటిని మళ్లిస్తే లేక్ సెయింట్ మార్టిన్ అనే ఆదివాసీ ఊరు ఊరంతా మునిగింది. ఆ జనాన్ని తెచ్చి ఇక్కడి హోటళ్లలో పెట్టారు. తిరిగి వెళ్లడం 2017లో గానీ మొదలు కాలేదు. ప్రాజెక్టు ముంపు అంటే ఏంటో గోదావరి పక్కనుంచి వచ్చినవాళ్లకు నేను వివరించక్కర్లేదు. హోటల్ గదిలో పుట్టి, హోటల్ గదిలోంచి స్కూలుకెళ్లిన పిల్లల తల్లులు మా దగ్గరకు వస్తుంటారు. వాళ్లను "ఎందుకు స్థిరపడలేకపోయారు" అని అడగడానికి నాకు నోరు రాదు.

సరే, ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: "మేడమ్, మనం బయటి దేశం నుంచి వచ్చినవాళ్లం. వాళ్ల భాష రాదు, చరిత్ర కొత్తగా నేర్చుకుంటున్నాం. మనల్ని ఎందుకు నమ్ముతారు? ఆ ఉద్యోగాలు వాళ్లకే ఇవ్వాలి కదా?")

చాలా మంచి ప్రశ్న. ఇవ్వాలి, ఇస్తున్నారు కూడా. చాలా సంస్థలు ఆదివాసీ అభ్యర్థులకు ప్రాధాన్యం అని ప్రకటనలోనే రాస్తాయి. అది చూసి చిన్నబుచ్చుకోవద్దు. ఎల్డర్లు, కల్చరల్ వర్కర్లు, ప్రోగ్రామ్ నడిపేవాళ్లు వాళ్లే ఉండాలి. అయినా మనుషులు చాలని చోట్లు చాలా ఉన్నాయి, ముఖ్యంగా పిల్లల కేంద్రాల్లో, రాత్రి షిఫ్టుల్లో, అకౌంట్స్‌లో. అక్కడ చేరండి. నమ్మకం సంగతా, అది ఆలస్యంగా వస్తుంది. మంగళవారం పదింటికి వస్తానని చెప్పి మంగళవారం పదింటికి వెళ్లడమే, నాకు తెలిసి వేరే కిటుకేం లేదు. వాళ్ల జీవితాల్లో వర్కర్లు మారిపోతూనే ఉంటారు. ఆరో వర్కర్ వచ్చి "నన్ను నమ్మండి" అంటే నవ్వొస్తుంది. రెండో ఏడాది కూడా మీరే వస్తే అప్పుడు పిల్లలు "ఆంటీ వచ్చింది" అంటారు. స్మడ్జ్ జరుగుతున్నప్పుడు, అంటే సేజ్ ఆకు పొగ పట్టుకునే ప్రార్థన, మర్యాదగా కూర్చోండి. రమ్మంటే పాల్గొనండి. సెల్‌ఫోన్ తీయకండి. అది చూసి మన సాంబ్రాణి పొగ గుర్తొస్తే మనసులోనే ఉంచుకోండి. ప్రతిదానికీ "మా దగ్గరా ఇంతే" అని అందుకునే అలవాటు మనకు ఎక్కువ. (నవ్వులు)

(వెనక వరసలోంచి ఒకాయన: "మేము అకౌంటింగ్ వాళ్లం. ఉద్యోగం మారే ఆలోచన లేదు. ఏదైనా చేయొచ్చా?")

చేయొచ్చు అన్నా, మీలాంటివాళ్ల కోసమే చూస్తున్నాను. ట్యాక్స్ రిటర్న్ వేయకపోతే చైల్డ్ బెనిఫిట్ ఆగిపోతుంది. ఆరేళ్లలోపు పిల్లకు 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు గరిష్ఠంగా 7,787 డాలర్లు. రిటర్న్ వేయనందుకు ఆ డబ్బంతా ఆగిపోయిన తల్లులున్నారు. ఆదాయం లేదు కదా, రిటర్న్ ఎందుకు అనుకుంటారు. కొందరికి బర్త్ సర్టిఫికెట్ ఉండదు, ఐడీ ఉండదు, ఇల్లు మారినప్పుడు ఉత్తరాలు పోయి ఉంటాయి. మూడు నాలుగేళ్ల రిటర్నులు ఒకేసారి వేస్తే బకాయి మొత్తం ఒక్కసారి పడుతుంది. ఆ డబ్బుతో అద్దె అడ్వాన్స్ కట్టి, కోర్టుకు పిల్లల గది చూపించిన తల్లి ఒకామె నాకు తెలుసు. ఇందాక కొస వెతకమన్నాను కదా, ఒక కొస ఇది. ఇక్కడి పన్నుల శాఖ, కెనడా రెవెన్యూ ఏజెన్సీ, వాళ్ల వాలంటీర్ ట్యాక్స్ ప్రోగ్రామ్ కింద మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉచిత క్లినిక్‌లు పెడతారు. పోలీస్ చెక్ కావాలి, దానికి టైమ్ పడుతుంది, కాబట్టి జనవరిలోనే మొదలుపెట్టండి. మావి కష్టమైన రిటర్నులేం కావు, ఒక్కోటి అరగంట పని. మనుషులు మాత్రం తలుపు తీయకముందే లైన్లో ఉంటారు. పేర్లు రాసుకునే కాగితం టీ గ్లాసుల పక్కనే ఉంది, ఫోన్ నంబర్ అర్థమయ్యేలా రాయండి. పోయినసారి రాసినవాటిలో సగం నేను చదవలేకపోయాను.